రాజం పథ్యం

మా బస్తీ దవాఖానకు వచ్చే షుగరు పేషెంట్లలో నా మాటను అక్షరం పొల్లుపోకుండా విన్నది ఒక్క రాజమే. మిగతావాళ్లంతా బుద్ధిగా తల ఊపి, బయటికి వెళ్లగానే ఎదురుగా ఉన్న బండి దగ్గర మిర్చిబజ్జీలు తిని ఇంటికి పోయేవాళ్లు. రాజం మాత్రం నోటుబుక్కు తెచ్చుకుని రాసుకునేవాడు.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు పద్మలత. మాది హుస్నాబాద్ వైపు. నర్సింగ్ చదివి, పదకొండేళ్లుగా మందమర్రిలో కాంట్రాక్టు నర్సుగా చేస్తున్నాను. సలహాలు ఇవ్వడం నా జబ్బు. అడిగినవాళ్లకూ ఇస్తాను, అడగనివాళ్లకూ ఇస్తాను. బస్సులో పక్కావిడ చేతిలో బిస్కెట్ల ప్యాకెట్ కనబడితే, దాని వెనక సన్నటి అక్షరాల్లో చక్కెర ఎంతని రాశారో చదివి వినిపించేదాకా ఊరుకోలేను. "నీకు జీతం సూదులకిస్తున్నరా, ముచ్చట్లకిస్తున్నరా?" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఆయన ఎగతాళిని నేనెప్పుడూ లెక్కచెయ్యలేదు. చెయ్యాల్సింది.

రాజం బొగ్గు గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు ఆనించేవాళ్లను అలా అంటారు. బక్కపలచటి మనిషి. నుదుటి మీద పాత దెబ్బల్లో బొగ్గు ఇంకిపోయి నీలంగా చుక్కలు ఉండేవి. మాట తక్కువ. వాళ్ల క్వార్టరు మా దవాఖానకు నాలుగు సందుల అవతల. భార్య కిష్టవ్వ, ఒక్కగానొక్క కూతురు వినోద. ఇంతే వాళ్ల సంసారం.

మూడేళ్ల కింద ఒక సాయంత్రం తండ్రీకూతుళ్లు నా దగ్గరికి వచ్చారు. వినోదకు కరీంనగర్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. లాప్‌టాప్ కొనాలట, ఏది కొనాలో చెప్పమన్నారు. ఇక నాకు పండగే కదా. "తెర మీద రంగులు చూసి మురువకు. నువ్వు ఆడుకునేందుకు కాదు, చదువుకునేందుకు. రోజూ సంచిలో మోసుకపోవాలె, కిలోన్నర కన్న బరువున్నది వద్దు. ఒక్కసారి చార్జింగ్ పెడితే ఆరేడు గంటలు రావాలె. చెడిపోతే బాగుచేసెటోళ్లు కరీంనగర్ల ఉండాలె. ఒళ్లె పెట్టుకొని వంగి కూసోకు, మెడ పట్టేస్తది," అన్నాను. వినోద ఫోన్‌లో రాసుకుంది. రాజం మాత్రం నా మొహం చూస్తూ నిలబడ్డాడు.

లాప్‌టాప్‌తో ఆగితే నేను పద్మలతను ఎందుకవుతాను? నర్సు బతుకు ఎలా ఉంటుందో కూడా చెప్పాను. మొదటి రెండు మూడేళ్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో పన్నెండు గంటల నిలువుకాళ్ల డ్యూటీ, అందుకు తగిన జీతం ఉండదు. అయినా పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ పని నేర్చుకుంటే ఆ తర్వాత ఎక్కడైనా పిలిచి ఇస్తారు, సర్కారు నోటిఫికేషన్లు పడినప్పుడు వదలకుండా రాయాలి, ఓపిక ఉంటే ఇంతకంటే మంచి చదువు లేదు. ఇదంతా నిజమే. ఇవాళ అడిగినా ఇదే చెప్తాను.

అంతా విని రాజం ఒకే ఒక్క మాట అడిగాడు. "పర్మినెంట్ అయితదా సిస్టరమ్మా?"

నేను నవ్వాను. "ఎనిమిదేండ్ల సంది నాకే కాలే రాజన్నా," అన్నాను.

ఆయన నవ్వలేదు.

రెండేళ్లు దాటాక రాజం ఒక్కడే వచ్చాడు. కంపెనీ ఆసుపత్రిలో షుగరు ఉందన్నారట, గోలీలు ఇచ్చారట. "ఆడ డాక్టరు రెండు నిమిషాలే మాట్లాడుతడు. మీరైతే తిండి గురించి మంచిగ చెప్తరని వచ్చిన," అన్నాడు. మెచ్చుకుంటే పొంగిపోవడంలో నేను పాలకంటే ఘనురాలిని. అన్నం తినకముందు పరీక్ష చేస్తే నూట తొంభై ఉంది. ఆ అంకె చూసి నేను కంగారు పడలేదు. నోరు కట్టుకుంటే దిగివచ్చే షుగరే అది.

మా దవాఖానకు ఒక చిన్న లాప్‌టాప్ ఇచ్చారు, ఇళ్లకు కూడా పట్టుకుపోవచ్చు. అందులో ఒక కంచం బొమ్మ ఉంటుంది. కంచంలోకి ఏ పదార్థాన్ని జరిపితే దానికి తగ్గట్టు పక్కనున్న గీత పైకి లేస్తుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. కంచంలో సగం కూరలు పెట్టాను. పుంటికూర, బీరకాయ, తోటకూర. పావు వంతు పప్పూ గుడ్డూ. మిగిలిన పావు వంతే అన్నమో జొన్నరొట్టో. గీత ఆకుపచ్చలోనే ఆగింది. "ఇట్ల తింటె నీకు గోలీలు గూడ తగ్గియ్యచ్చు," అన్నాను.

"గిది సరే. తినగూడనియి జెప్పుండ్రి," అన్నాడు రాజం.

చెప్పాను. చక్కెర ఎక్కువేసిన చాయ, బూందీ లడ్డు, మలీద, కూల్‌డ్రింకు, కంచం నిండా తెల్లన్నం. ఒక్కొక్కటి జరుపుతుంటే గీత ఎరుపులోకి ఎగబాకింది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "అన్నిట్ల ఏది జోరుగ ఎక్కుతది?" అని అడిగాడు. ఖాళీ కడుపున తీపి తాగితే అన్నిటికంటే తొందరగా ఎక్కుతుందన్నాను. అది కూడా రాసుకుని కింద గీత గీసుకున్నాడు. ఏది మానాలో తెలుసుకుంటున్నాడు, ఇంత జాగ్రత్త గల మనిషి వందలో ఒకడు ఉండడని నేను మురిసిపోయాను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అనుకున్నాను.

నెల తర్వాత రెండు వందల నలభై. ఆ పై నెల మూడు వందలు. నేను మీటరును తిట్టాను. స్ట్రిప్పులు మార్చాను. నా వేలికే సూది గుచ్చుకుని చూసుకున్నాను, మీటరు బాగానే ఉంది. "గోలీలు యేసుకుంటున్నవా రాజన్నా?" అంటే "టైముకు" అనేవాడు. మిగతా పేషెంట్ల ముందు ఆ నోటుబుక్కు చూపించి, "రాజన్నను చూసి నేర్చుకోండ్రి," అనేదాన్ని. అప్పుడు మాత్రం ఆయన తల వంచుకునేవాడు. సిగ్గు అనుకున్నాను.

ఒకసారి గనిలో భయం వెయ్యదా అని అడిగితే ఆయన చెప్పాడు. "పైకప్పు ఉట్టిగ కూలది సిస్టరమ్మా. ముంగట్నే చెప్తది. దిమ్మె కిర్రుమంటది. ఇనేటోడు ఇంటె బతుకుతడు." నాకు ఆ చెవి లేకపోయింది. లేకపోతే ఆ తర్వాత నెల ఆయన అడిగిన ప్రశ్నకే నేను కుర్చీలోంచి లేచేదాన్ని.

"ఎంత దాటితే మనిషిని బాయిల దించరు?"

గనిలోకి దించకపోతే ఉద్యోగం పోతుందని భయపడుతున్నాడనుకుని, "ఫికర్ చెయ్యకు, నీ నౌకరి పోనియ్య," అని ధైర్యం చెప్పాను. రాజం నా వైపు జాలిగా చూశాడు. అంకె మూడు వందల ఎనభై. అది చూసి ఆయన ముఖంలో కనిపించింది దిగులు కాదని నాకు అప్పుడే అనిపించింది. కానీ అనిపించిన దాన్ని నమ్మలేదు.

ఆ వారమే లాప్‌టాప్ చంకన పెట్టుకుని వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. ఉప్పూ నూనే చూసి వంటింట్లోనే తప్పు పట్టుకుందామని నా ఎత్తు. రాజం డ్యూటీలో ఉన్నాడు. కిష్టవ్వ పొయ్యి దగ్గర రొట్టెలు నలిపి బెల్లం కలుపుతోంది. మలీద. ఆ రోజు పండగా కాదు, పబ్బమూ కాదు.

గోడకు ఒక కాగితం అతికించి ఉంది. పైన పెద్ద అక్షరాలతో "తినగూడనియి" అని రాసి ఉంది. నేను చెప్పినవన్నీ నేను చెప్పిన వరసలోనే ఉన్నాయి. ఎంత శ్రద్ధ అనుకుంటూ దగ్గరికి వెళ్లాను. ప్రతి పేరు పక్కన రోజుల వారీగా టిక్కులు పెట్టి ఉన్నాయి. బూందీ లడ్డు పక్కన టిక్కు. తీపి చాయ పక్కన రోజుకు నాలుగు టిక్కులు. మానేసినవాటికి టిక్కు పెట్టుకుంటున్నాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. తర్వాత కిష్టవ్వ చేతిలోని బెల్లం చూశాను. షెల్ఫు మీద పాత బిస్కెట్ల డబ్బా మూత తీస్తే షుగరు గోలీల పట్టీలు నిండుగా ఉన్నాయి, ఒక్కటీ చింపలేదు.

"ఇదేంది వదినా?" అన్నాను.

కిష్టవ్వ అటు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. "నన్నేమనకు బిడ్డా. వద్దని నెత్తినోరు కొట్టుకున్న, ఇనలే. నేను చెయ్యకుంటే దుకాన్ల తింటున్నడు. ఇంట్లనైతె శుభ్రంగనన్న ఉంటదని నేనే జేసి పెడుతున్న."

అప్పుడు చెప్పింది అసలు సంగతి. గనిలో పనిచేసే మనిషి జబ్బుతో ఇక పనికి రాడని మెడికల్ బోర్డు రాస్తే, అతని బదులు ఇంట్లో ఒకరికి కంపెనీలో పర్మినెంటు ఉద్యోగం వస్తుంది. ఈ ఊళ్లో దాన్ని 'అన్‌ఫిట్ అవుడు' అంటారు. రిటైర్మెంటు దగ్గర పడితే ఆ అవకాశం ఉండదు. రాజానికి ఆ అవకాశం ఇంకా ఏడాదిన్నరే. గుండె జబ్బో, విరిగిన కాలో లేని మనిషికి దేవుడు పంపినట్టు షుగరు దొరికింది. దాన్ని పెంచి పెద్ద చెయ్యడం నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు.

మర్నాడు షిఫ్టు దిగాక రాజాన్ని దవాఖానకు పిలిపించాను. తలుపు మూసి నోటికొచ్చినట్టు తిట్టాను. కొరివితో తల గోక్కుంటున్నావన్నాను, నా నోటితో నీకు విషం పెట్టించుకున్నావన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. నేను అలిసిపోయేదాకా ఆగి నిదానంగా మాట్లాడాడు.

"మా బాపు బాయిల కాలు ఇచ్చిండు. గా కాలుకు నాకు నౌకరి వచ్చింది. గా నౌకరితోనే నా బిడ్డ సదువుకున్నది. నేను జర సుగరు ఇస్తున్న. అగ్గువకే అయితున్నది సిస్టరమ్మా."

"ఇది అగ్గువ బేరం కాదు రాజన్నా. కండ్లు పోతయి. కిడ్నీలు పోతయి."

"ఎన్నడు వోతయి?" అన్నాడు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. తారీఖు చెప్తే రాసుకునేవాడు.

లేవబోతూ ఆయన మళ్లీ అన్నాడు. "ఎనిమిదేండ్ల సంది పర్మినెంట్ కాలేదని మీరే అంటిరి గద. గా దినమే అనుకున్న, నా బిడ్డను గట్ల ఉండనియ్యొద్దని."

ఆయన వెళ్లిపోయాడు. నవ్వుతూ అన్న ఒక్క మాట. అది ఆయనలోకి దిగి దాదాపు మూడేళ్లుగా తన పని తాను చేసుకుంటోంది. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. కళ్లు తుడుచుకుని కరీంనగర్‌కు ఫోన్ చేశాను.

వినోదకు ఏమీ తెలియదు. నేనే అంతా చెప్పాను. తర్వాత ఆ పిల్లే దారి చెప్పింది. "అన్‌ఫిట్ కాయితం మీద వారసుల సంతకం గూడ ఉండాలె అక్కా. అది లేకుంటె ఎవ్వలకు నౌకరియ్యరు. నేను సంతకం పెట్ట. అప్పుడు బాపు ఎవలి కోసం తింటడు? ఇప్పుడే ఫోన్ చేసి చెప్త."

నా గుండె మీంచి బండ దించినట్టయింది. అంత తెలివిగల పిల్లను దాని మానాన దాన్ని వదిలేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ నా జబ్బు నాది.

"ఇప్పుడే చెప్పకు వినోదా. ఫోన్ల చెప్తె సరే అంటడు, తినేది తింటనే ఉంటడు. ఏడు వారాలల్ల నీ ఫైనల్ పరీక్షలు అయిపోతయి. మంచిగ రాసి, వచ్చి ఎదురుంగ నిలబడి చెప్పు. అప్పుడు ఇంటడు," అన్నాను.

"సరే అక్కా," అంది. నా మాట వినేవాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు కదా.

ఆ ఏడు వారాల్లో రాజం దవాఖాన మొహం చూడలేదు. అలిగాడనుకున్నాను. రెండుసార్లు వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. మొదటిసారి కిష్టవ్వ తలుపు సగమే తీసి, పడుకున్నాడని చెప్పి పంపేసింది. రెండోసారి తాళం వేసి ఉంది. పక్కింటి తిరుమల బయట బండి కడుక్కుంటున్నాడు. వాళ్ల నాయన అన్‌ఫిట్ అయితేనే తిరుమలకు గనిలో ఉద్యోగం వచ్చింది. ఆ నాయన ఆర్నెల్లకే పోయాడు.

"రాజం కాక వేములాడ పోయిండు," అన్నాడు తిరుమల. "బోర్డు పిలుపు వచ్చింది. అన్‌ఫిట్ చేస్తె కోడె కడుతనని ఆడి రాజన్న దేవునికి మొక్కుకుండు. ముందుగాలనే కట్టి రానీకి పోయిండు. కిష్టవ్వ కాకి చెయ్యి పట్టుకొని బస్సెక్కిచ్చింది."

ఎవరైనా ఒళ్లు బాగుండాలని దేవుడికి కోడెను కడతారు. ఈ మనిషి ఒళ్లు చెడాలని కట్టాడు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. కిష్టవ్వ చెయ్యి పట్టుకుని బస్సు ఎందుకు ఎక్కించాల్సి వచ్చిందో అడగాలని నాకు తట్టలేదు.

వినోద పరీక్షలు అయిన మర్నాడే వచ్చింది. బస్టాండులో దిగి నేరుగా నా దగ్గరికి వచ్చి, "నడువు అక్కా, నువ్వు గూడ ఉండాలె," అంది. మధ్యాహ్నం రెండు గంటలు. ఎండలో ఇద్దరం నాలుగు సందులూ గబగబా నడిచాం. దారిలో ఆ పిల్ల ఏం మాట్లాడాలో మెల్లగా తనలో తానే అనుకుంటోంది.

రాజం మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అడుగుల చప్పుడుకు తల ఎత్తాడు. "ఎవలు?" అన్నాడు.

"నేనే బాపూ."

"వచ్చినవా బిడ్డా. మంచిగ రాసినవా?" ఆయన నవ్వుతున్నాడు. ఆ నవ్వు మాకు కొంచెం పక్కగా, తలుపు రెక్క వైపు వెళ్తోంది.

వినోద దారంతా కూర్చుకున్న మాటలు ఒక్క గుక్కలో అనేసింది. "నాకు నీ నౌకరి వద్దు. కాయితం మీద సంతకం పెట్ట. నువ్వు ఇయ్యాల్టి సంది గోలీలు యేసుకోవాలె." ఆ తర్వాత తండ్రి ముఖం చూసి ఆగిపోయింది. మూడేళ్లు రోగుల మధ్య తిరిగిన పిల్ల. వెళ్లి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "బాపూ, నా చేతికి వేళ్లెన్ని కానస్తున్నయి?" అంది.

రాజం తొందరగా, ఎవరో అడుగుతారని ముందే సిద్ధంగా ఉన్నట్టు, "మూడు," అన్నాడు.

వినోద చెయ్యి ఇంకా ఎత్తనే లేదు.

కిష్టవ్వ వంటింటి గడపలో కూలబడింది. సంగతి ఆవిడే చెప్పింది. ఎడమ కన్ను ఐదు వారాల కింద పోయింది, లోపల రక్తం దిగిందట. కుడి కంటికి నీడలు తెలుస్తాయి. కంపెనీ కళ్ల డాక్టరు చూసి, కోత పెట్టినా చూపు తిరిగి రాదని రాసిచ్చాడట. ఐదు వారాల కింద. ఆ రోజు వినోద ఫోన్ చేసి ఉంటే అప్పటికి ఆయన రెండు వారాలుగా గోలీలు మింగుతూ ఉండేవాడు. కన్ను దక్కేదో లేదో నాకు తెలియదు. దక్కి ఉండేదేమోనన్న లెక్క మాత్రం నన్ను వదలదు.

"బోర్డు ఎల్లుండి," అన్నాడు రాజం. గొంతులో బాధ లేదు, గెలిచిన ధీమా ఉంది. "కండ్లు చూస్తె ఇగ అడ్డం చెప్పరంట. కిష్టీ, గా కాయితం తే."

"నేను పెట్ట బాపూ," అంది వినోద.

"పెట్టకుంటె నా కండ్లు తిరిగొస్తయా బిడ్డా?"

వినోద నా వైపు తిరిగింది. "చెప్పు అక్కా. ఏం చెయ్యాలె?"

నేను నోరు తెరిచాను. పెట్టొద్దంటే ఆ కళ్లు ఉత్తపుణ్యానికి పోయినట్టు. పెట్టమంటే ఆ కళ్లకు వెల కట్టినట్టు. నా పదకొండేళ్లలో మొదటిసారి ఒక మనిషి సలహా అడిగితే నా దగ్గర లేకపోయింది. గోడ వైపు చూశాను.

కిష్టవ్వ కాగితం తెచ్చి కూతురి ముందు పెట్టింది. సంచిలోంచి పెన్ను తీసింది వినోద. కాగితం అడుగున సంతకం పెట్టింది.

"పెట్టినవా?" అన్నాడు రాజం. జవాబు లేకపోయేసరికి నా వైపు అనుకున్న దిక్కుకు తిరిగి, "పెట్టిందా సిస్టరమ్మా?" అన్నాడు.

"పెట్టింది రాజన్నా," అన్నాను.

ఆయన చెయ్యి చాచాడు. కిష్టవ్వ కాగితం అందించింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, రెండు అరచేతులతో మెల్లగా తడిమాడు.

"ఏడ?" అన్నాడు.

వినోద ఆయన వేలు పట్టుకుని, సిరా ఇంకా ఆరని చోట ఆనించింది.

"ఈడ, బాపూ."